అమ్మాయికి ఇచ్చిన సీటు

నెల్లూరులో ఆ కాలేజీ ఆఫీసు గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు.

"సర్టిఫికెట్లు వెనక్కి కావాలంటే పిల్ల రావాలమ్మా. వచ్చి సంతకం పెట్టాల."

నేను కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా వెనక ఫీజు కట్టడానికి వచ్చిన వాళ్లెవరో తొందరపడుతున్నారు.

"పిల్ల రాలేదయ్యా" అన్నాను.

"ఈ పొద్దు రాలేకపోతే రేపు పంపించు."

"రేపు గూడా రాలేదు."

అప్పుడు తలెత్తి చూశాడు. నా మొహంలో ఏం కనిపించిందో తెలీదు, కలం కింద పెట్టి లేచి నిలబడ్డాడు. కాసేపటికి వెనక తలుపు తీసుకుని బయటికొచ్చి, "లోపలికి రామ్మా, ప్రిన్సిపాల్ మేడం పిలస్తన్నారు" అన్నాడు. మొదట మాట్లాడిన గొంతు కాదది.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో సంగతి ఇది. మా ఊరు మైపాడుకి ఎగువన, సముద్రానికీ ఉప్పుకాలువకీ నడుమ ఇసుక నేలలో ఉంటుంది. మా ఆయన ఉప్పు పండించే కొటారులో గుమాస్తా. ఎండాకాలమంతా కొటారు గట్టు మీద నిలబడి, మద్రాసు పోయే పడవల్లోకి ఎక్కే బస్తాలను తూకం వేయించడం ఆయన పని. మాకు ఒక్కతే కూతురు. దాని తర్వాత నాకు కడుపు నిలవలేదు. నేను చదివిన మిషన్ బళ్లోనే, నేను పడుకున్న హాస్టల్లోనే ఉంచి దాన్ని ఎస్సెల్సీ దాకా చదివించాం. మంచి మార్కులతో ప్యాసయింది. నెల్లూరులో ఆడపిల్లలకని విడిగా నడిచే ఓ కాలేజీలో పీయూసీకి సీటొచ్చింది. చెట్లూ జంతువులూ గురించి చదివే గ్రూపు కోరి తీసుకుంది. కాలేజీకని రెండు కొత్త వోణీలు కొన్నాం. వాటికి అంచులు కుట్టుకుంటూ కుట్టుకుంటూనే ఒళ్లు వెచ్చగా ఉందంది.

టైఫాయిడ్ అన్నారు. జ్వరం తగ్గుతోందని మేము సంతోషపడుతున్న రోజునే కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి పేగు పుండుపడి చిల్లిపడిందన్నారు. ఆ మర్నాడు పొద్దున, నర్సమ్మ దుప్పటి మార్చడానికి వచ్చినప్పుడు, నేను దాని జడ విప్పి మళ్లీ అల్లుతున్నాను. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పటిదాకా నాకు తెలీలేదు.

పాస్టరు గారు వచ్చారు, ప్రార్థన చేశారు. ఊరంతా వచ్చింది. అందరూ వెళ్లిపోయారు. ఇంట్లో నేనూ మా ఆయనా మిగిలాం. ఆయన కొటారుకి పోయేవారు, వచ్చేవారు. దాని పేరు ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఒకరోజు "ఆ కాలేజీలో దాని కాయితాలుండాయి, పోయి తీసుకురా. యాడో ఎందుకు పడుండాల" అన్నారు. అందుకనే వెళ్లాను.

ప్రిన్సిపాల్ యాభై ఏళ్ల మనిషి. నేత చీర, నెరిసిన జుట్టు. నన్ను కూర్చోమని మంచినీళ్లు తెప్పించారు. అయ్యో పాపం అనలేదు. దేవుడి చిత్తం అని కూడా అనలేదు. అందుకే ఆవిడ ఎదుట కూర్చోగలిగాను.

"మీరు చదువుకున్నారా?" అని అడిగారు.

"ఎస్సెల్సీ ప్యాసయినాను మేడం. ఇక్కడే. ఆ యేడే పెళ్లి చేసినారు."

"తర్వాత చదవాలని అనిపించలేదా?"

"అనిపించింది. ఇంతలో పాప పుట్టింది."

ఆవిడ గుమాస్తాని పిలిచి సర్టిఫికెట్లు తెమ్మన్నారు. అతను వెళ్లాడు. బయట వరండాలో అమ్మాయిలు గలగలా మాట్లాడుకుంటూ పోతున్నారు. క్లాసులు అప్పుడే మొదలైనట్టున్నాయి.

"ఆ సీటు ఎవరికిస్తారు మేడం?" అన్నాను.

"జాబితాలో తర్వాత ఉన్న అమ్మాయికి."

"నాకిస్తారా?"

ఆ మాట ఎందుకన్నానో ఆ రోజూ తెలీదు, ఇప్పుడూ పూర్తిగా తెలీదు. నిజంగా చదువు మీద మనసుండి అడిగానని చెప్పలేను. దాని చోట్లో ఇంకో పిల్ల కూర్చుంటుందన్న తలంపు ఓర్చుకోలేకపోయాననుకుంటాను. పోయినవాళ్ల మంచం ఎవరికో ఇచ్చేస్తుంటే, పనికొచ్చినా రాకపోయినా "ఉండనీండి" అని అడ్డం పడతామే, అట్లాంటిదే అది.

ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "చదవడానికేనా?"

"తెలీదు మేడం."

"సరే. ఇంటికి వెళ్లి ఆలోచించుకోండి. సోమవారం కూడా ఇదే మాట అంటే అప్పుడు చూద్దాం. వయసు ఎక్కువని మిమ్మల్ని కాదనే రూలేమీ లేదు" అన్నారు.

సాయంత్రం మా ఆయన ఇంటి ముందు కాళ్లు కడుక్కుంటున్నారు. కొటారు నుంచి వచ్చాక ఆయన చాలాసేపు కాళ్లు కడిగేవారు. ఉప్పు వేళ్ల సందుల్లో చేరి పగుళ్లు తెచ్చేది.

"తెచ్చినావా?" అన్నారు.

"లేదు."

"ఏం, ఇయ్యం అన్నారా?"

"ఇస్తామన్నారు. నేనే... ఆ సీట్లో నేను చేరతానని అడిగినాను."

చెంబులో నీళ్లు అయిపోయినా ఆయన దాన్ని వంచి పట్టుకునే ఉన్నారు.

"దాని చోట్లో పోయి కూర్చుంటావా?"

"ఎవురో ఒకరు కూర్చుంటారు గదా."

"ఎవురో కూర్చోనీ. నువ్వెందుకు? ఈ వయసులో పుస్తకాలెత్తుకుని పోతావుంటే జనం..."

"నవ్వుతారు. నవ్వనీండి."

"నవ్వితే నవ్వనీలే. జాలిపడతారు. అది నేను చూళ్లేను." చెంబు గట్టు మీద పెట్టి లోపలికి పోతూ, "నీ ఇష్టం" అన్నారు.

మా ఇంట్లో నీ ఇష్టం అన్న మాటకి సరే అన్న అర్థం ఏనాడూ లేదు. అయినా సోమవారం వెళ్లి అదే మాట అన్నాను, మేడం సరేనన్నారు.

మా ఊరి మీదుగా నెల్లూరు పోయే మొదటి బస్సు పైన చేపల గంపలుండేవి. గంపల్లోంచి కారే నీళ్లు కిటికీల మీద పడేవి. చేపలమ్మే ఆడవాళ్లు వెనక సీట్లలో కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒకామె నాకన్నా చిన్నదే, మా ఇంటికి రొయ్యలు తెచ్చేది. పుస్తకాలతో ఎక్కిన నన్ను చూసి నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఏందక్కా, బళ్లో చెప్పడానికి పోతాండావా?"

"చెప్పడానికి కాదు. చదువుకోడానికి."

ఆమె నవ్వలేదు. సరుగుడు తోపులు వెనక్కి పోతున్నాయి.

"మాయన పడవ తిరగబడి పొయ్యినప్పుడు నేను నెల తిరక్కుండానే గంప ఎత్తినా. ఊళ్లో నోళ్లు ఊరుకున్నాయా? మొగుడి మీద దిగులే లేదన్నారు" అంది. తర్వాత, "ఇట్టా జరుగక్కా, కిటికీ పక్క నీళ్లు కారతాండాయి, పుస్తకాలు తడస్తాయి" అని నన్ను తన వైపు లాక్కుంది.

క్లాసులో అడుగు పెట్టగానే అమ్మాయిలంతా లేచి నిలబడ్డారు, పాఠం చెప్పే మేడం అనుకుని. నేను వెళ్లి బెంచీ మీద కూర్చునేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. మూడో బెంచీలో మా అమ్మాయి స్నేహితురాలు ఉంది. మా వీధి పిల్లే. వాళ్ల నాన్న నన్ను అక్కా అని పిలుస్తాడు కాబట్టి ఆ పిల్ల నన్ను అత్తా అనేది. ఇద్దరూ ఒకే బెంచీలో కూర్చోవాలని వేసవంతా చెప్పుకుని మురిసిపోయారు. ఆమె పక్కన చోటు ఖాళీగా ఉంది. నేను అక్కడే కూర్చున్నాను. ఆ పిల్ల నా వైపు చూసి చిన్నగా తలాడించింది.

ఇంగ్లీషు చెప్పే సారు వచ్చి హాజరు పిలవడం మొదలుపెట్టారు. పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. నేను పుస్తకం తెరిచి చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆయన మా అమ్మాయి పేరు పిలిచారు, ఇంటిపేరుతో సహా.

ఆఫీసులో దాని పేరు ఇంకా కొట్టేయలేదు. నా పేరు ఇంకా ఎక్కలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఆయన తలెత్తకుండా మళ్లీ పిలిచారు.

"ప్రెజెంట్ సార్" అన్నాను.

ఆయన గీత పెట్టుకుని తర్వాతి పేరుకి వెళ్లారు. నా పక్కనున్న పిల్ల పుస్తకాలు సర్దుకుని లేచి, వెనక బెంచీలోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత గంటలో తెలుగు, ఆ తర్వాత జంతుశాస్త్రం. ప్రతి గంటకీ హాజరు. ప్రతిసారీ ఆ పేరు వచ్చింది, ప్రతిసారీ పలికాను. మర్నాడు కూడా. ఆఫీసుకి వెళ్లి నా పేరు ఎక్కించమని చెప్పడం ఎంత సేపు పని? నేను వెళ్లలేదు. మా ఇంట్లో, మా వీధిలో, మా చర్చిలో ఎవరూ నోటితో అనడానికి భయపడుతున్న పేరు. ఇక్కడ మాత్రం మామూలు పేరులా, మిగతా అమ్మాయిల పేర్ల మధ్య, కొంచెం విసుగ్గా, కొంచెం తొందరగా పిలుస్తున్నారు. బతికి ఉన్న పిల్లని పిలిచినట్టు పిలుస్తున్నారు. ఆ పిలుపు వినడం కోసం పొద్దున్నే బస్సెక్కేదాన్ని. పాఠాలు ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఈ సంగతి మా వీధి పిల్ల ద్వారా వాళ్ల నాన్నకీ, ఆయన ద్వారా మా ఆయనకీ తెలిసింది. ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన ఆగారు. ఏదో కసురుకుంటారని చూస్తున్నాను.

"ఇంటిపేరుతో పిలస్తారా?" అని అడిగారు.

"ఆ. ఇంటిపేరుతోనే."

"సారు వాళ్లా, మేడాలా?"

"ఇద్దరూ. ఇంగ్లీషుకి సారు. జంతుశాస్త్రానికి మేడం."

"ఎట్టా పిలస్తారు? ఒకసారి పిలువు."

ఆయన కంచం వైపే చూస్తూ ఎదురుచూస్తున్నారు. చివరికి ఇంగ్లీషు సారు ఎట్లా పిలుస్తారో అట్లానే, ఇంటిపేరు మింగేస్తున్నట్టు తొందరగా అని, అసలు పేరు కాస్త సాగదీసి పిలిచాను. మా ఇంట్లో ఆ పేరు పలకడం అది పోయాక అదే మొదలు.

ఆయన అన్నంలో చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్లారు. దొడ్లో గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నేను వెనకాలే వెళ్లి, దగ్గరికి పోలేక, గుమ్మంలో ఆగిపోయాను. ఆ రోజు ఇంకో నాలుగడుగులు వేసి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వేసినా ఏమయ్యేదో తెలీదు.

ఆ వారంలోనే ప్రిన్సిపాల్ నన్ను పిలిపించారు.

"రిజిస్టర్లో పొరపాటు జరిగిందమ్మా. ఈ రోజు సరిచేయిస్తున్నాను" అన్నారు.

"ఇంకొన్నాళ్లు ఉండనీండి మేడం" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. కోపం లేదు. "పరీక్ష హాల్లో మీరు ఏ పేరు రాస్తారు? మార్కులు ఎవరికి వస్తాయి? ఈ కాలేజీలో మీరుండాలంటే మీ పేరుతోనే ఉండాలి. అది చేతకాదంటే చెప్పండి, సర్టిఫికెట్లు ఇప్పుడే ఇచ్చేస్తాను."

నేను సర్టిఫికెట్లు అడక్కుండా అట్లానే కూర్చున్నాను. ఆవిడ గుమాస్తాని పిలిచి రిజిస్టరు తెమ్మన్నారు.

మర్నాడు ఇంగ్లీషు సారు పేర్లు పిలుస్తుంటే చెవులు రిక్కించి కూర్చున్నాను. దాని ముందు పేరు వచ్చింది. వెంటనే దాని తర్వాత పేరు వచ్చింది. ఆ రెండు పేర్ల మధ్య ఆయన గొంతు కాస్తయినా ఆగలేదు. అట్లా సాఫీగా జరిగిపోయింది. అన్ని పేర్లూ అయ్యాక చిట్టచివర నా పేరు పిలిచారు.

సమాధి మీద మన్ను వేసినప్పుడు నేను ఏడవలేదు. ఏడవట్లేదేమని ఊళ్లో అనుకున్నారు కూడా. ఆ రోజు నా పేరుకి పలకలేక బల్ల మీద తల ఆనించి ఏడ్చాను. సారు ఏమనుకున్నారో, పాఠం ఆపి బయటికి వెళ్లిపోయారు. అమ్మాయిలు చుట్టూ మూగారు. వాళ్లని పక్కకి తోసుకుని వెనక బెంచీ పిల్ల గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"నేనే ప్రిన్సిపాల్ మేడంకి చెప్పినా అత్తా" అంది.

"తెలుసు."

"ఇంకెవురన్నా ఆ పేరుకి పలికుంటే కొట్టుండేదాన్ని. నువ్వు పలికినావు. నేనేం చెయ్యాల? ఒక్కోపాలి నిజంగానే వెనక్కి తిరిగి చూసినా, అదే వచ్చిందేమోనని." ఇంతవరకూ గట్టిగా చెప్పి, ఆ పైన ఆ పిల్ల కూడా ఏడ్చేసింది. పక్కవాళ్లని జరగమని నా పక్కన కూర్చుంది. ఆ యేడంతా అక్కడే కూర్చుంది.

ఆ తర్వాతే నేను చదవడం మొదలుపెట్టాను. చదువు మీద ప్రేమ పుట్టిందని కాదు. ఏడుపు అయిపోయాక బస్సులో, క్లాసులో, ఖాళీగా కూర్చోవడం చేతకాలేదు. పుస్తకం ముందుండేది. ఇంగ్లీషు వాక్యం ఒక్కోటి నాలుగుసార్లు చదివితే గానీ అర్థమయ్యేది కాదు. వంటింట్లో పొయ్యి మీద ఎసరు పెట్టి చెట్టు వేళ్ల గురించి, ఆకుల గురించి పైకి చదువుకునేదాన్ని. మా ఆయన అప్పుడు వీధి అరుగు మీదికి వెళ్లిపోయేవారు.

ఓసారి జంతుశాస్త్రం ల్యాబులో రొయ్యలిచ్చారు. రొయ్య కాళ్లూ మీసాలూ ఒక్కొక్కటే ఊడదీసి, నల్లకాగితం మీద వరసగా పేర్చి పేర్లు రాయాలి. మా వైపు ఆడవాళ్లు రోజూ వలిచి అవతల పారేసేవి అవి. నా పక్కనున్న పిల్ల నా చెవిలో "అత్తా, మనం ఇన్నాళ్లూ పారేసింది పాఠమంటనే. కూర మాత్రం తినేసినాం" అంది. నాకు నవ్వొచ్చింది. నోరు మూసుకున్నా ఆగలేదు, భుజాలు ఊగిపోయాయి. మేడం వచ్చి మా ఇద్దర్నీ కలిపి కసిరారు. అమ్మాయి పోయాక నేను నవ్వడం అదే మొదలు.

నవ్వు ఆగాక పక్కకి చూశాను. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది, బుగ్గలు ఎర్రగా చేసుకుని. ఆరోగ్యంగా ఉంది. పదహారేళ్ల పిల్ల. ఆ క్షణాన ఆ పిల్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, బతికి ఉన్నందుకు. ఆ కోపం ఎట్లా వచ్చిందో అట్లానే పోయింది. పోయాక, ఆ పిల్ల జడలో జారిపోతున్న కనకాంబరాలని సర్ది పెట్టాను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. మైపాడు రోడ్డు తెగి బస్సులు ఆగిపోయాయి. కొటారు మడుల్లో నీళ్లు నిండి ఉప్పు పని లేదు. పెళ్లయ్యాక ఎన్నడూ లేనంతగా ఇద్దరం పగలంతా ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. బయట వాన, దూరంగా సముద్రం హోరు. నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని చూరు నుంచి పడే నీటిధార చూస్తున్నారు.

"నీకు పోవడానికి ఒక చోటుండాది" అన్నారు.

నేను పుస్తకం మూశాను.

"పొద్దున బస్సెక్కతావు. ఆడ ఏడస్తావో నవ్వతావో, మనుషులుండారు. అది కూర్చోవాల్సిన కాడ కూర్చుంటావు. నాకేముండాది? ఉప్పు. పొద్దుగూకులూ ఉప్పు. ఇంటికొస్తే నువ్వు పుస్తకంలో ఉంటావు."

"మానేస్తాను. మానెయ్యమంటే మానేస్తాను."

"అది కాదు నేను చెప్పేది." ఆయన గొంతు పెంచలేదు. "మానేస్తే మళ్లీ ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూర్చోవాల. అదీ నా చేత కాదు. పులికాట్ కాడ కొటారులో మనిషి కావాలంటన్నారు. అడిగినా. ఇస్తారు."

"నన్ను వదిలేసి పోతారా?"

"వదిలేసేదేముంది. ఉద్యోగం. నెలకొకసారి వస్తా."

వాన తగ్గి రోడ్డు బాగుచేసేలోపే బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే నేనే పంచెలు మడిచి ఇచ్చాను. మా మధ్య తగాదా లేదు. తగాదా ఉంటే ఊరివాళ్లో పాస్టరు గారో కూర్చోబెట్టి సర్దిచెప్పేవాళ్లు. మాకు సర్దిచెప్పడానికి ఏమీ లేదు. ఒక దుఃఖమే ఇద్దరిదీ. అది ఇద్దర్నీ దగ్గరికి తెస్తుందని అందరూ అంటారు. మా ఇద్దర్నీ మాత్రం అది చెరో దిక్కుకీ నెట్టింది.

పీయూసీ ప్యాసయ్యాను. గొప్ప మార్కులేమీ కావు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "ఇప్పుడు సీటు మీ పేరుతోనే ఇస్తాను, చదువుతారా?" అని అడిగారు. చదువుతానన్నాను. ఈసారి ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే చెప్పగలిగేదాన్ని. కప్ప గుండె ఎట్లా కొట్టుకుంటుందో నా కళ్లతో చూశాను. ఇంకా చూడాలనిపించింది, అంతే. ఊళ్లో ఇల్లు తాళం వేసి నెల్లూరులో ఒక గది తీసుకున్నాను. బీఎస్సీలో నాతో పాటు చేరిన మా వీధి పిల్ల రెండో యేడు పెళ్లయి మొగుడి వెంట బళ్లారి వెళ్లిపోయింది. చదువు అక్కడ పూర్తి చేసిందని విన్నాను. నేను డిగ్రీ అయ్యాక టీచర్ ట్రైనింగు చేసి, చిల్లకూరు వైపు ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను.

ఆయన చెప్పినట్టే నెలకొకసారి వచ్చేవారు. ఆదివారం పొద్దున దిగేవారు. ఇద్దరం కలిసి చర్చికి వెళ్లేవాళ్లం. ఎండుచేపలు తెచ్చేవారు, కూర బాగుందనేవారు, నా ఆరోగ్యం అడిగేవారు. సాయంత్రం బస్సుకి పోయేవారు. చుట్టాలింటికి వచ్చిన మర్యాదస్తుడిలా ఉండేవారు. ఆయన పోయాక కంచం కడుగుతూ, పెళ్లయిన కొత్తల్లో ఈ మనిషి నన్ను ఏడిపించడానికి పడవ ఊపుతూ నవ్వడం గుర్తొచ్చేది. ఆ మనిషి ఎక్కడికి పోయాడో వెతకడానికి నాకు దారి తెలియలేదు.

తర్వాత ఆయన కళ్లు పోవడం మొదలైంది. ఉప్పు తెలుపు మీద ఎండ పడి తిరిగి కళ్లలో కొట్టడం ఏళ్ల తరబడి భరించిన వాళ్లలో కొందరికి అట్లా అవుతుందని ఆసుపత్రిలో అన్నారు. తూకం ముల్లు కనబడని గుమాస్తాని ఎవరు ఉంచుకుంటారు? ట్రంకుపెట్టెతో నా దగ్గరికి వచ్చేశారు. ఆ రోజు బస్సు దిగుతూ ఆయన చెయ్యి చాస్తే పట్టుకున్నాను. చాలా ఏళ్లకి ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. దారి కనబడకనే పట్టుకున్నారు. అయినా పట్టుకున్నారు.

సాయంత్రాలు వరండాలో కూర్చుని మర్నాటి పాఠం పైకి చదువుకునేదాన్ని. ఇప్పుడు ఆయన లేచి వెళ్లిపోయేవారు కాదు. వెళ్లడానికి ఎవరో ఒకరు తోడుండాలి, అందుకేనేమో అనుకున్నాను. ఒకరోజు చెట్టు వేళ్లు నీళ్లు ఎట్లా పీల్చుకుంటాయో చదువుతున్నాను. ఆయన మధ్యలో ఆపారు.

"మరి ఉప్పు నేలలో చెట్టు ఎందుకు బతకదు?"

"వేరు లోపలి కన్నా బయట ఉప్పెక్కువ ఉంటే, వేరు నీళ్లు తాగలేదు. దానిలో ఉండే నీళ్లే బయటికి పోతాయి" అని చెప్పాను. ఆయనకి అర్థమయ్యేలా ఉప్పు చల్లిన దోసకాయ ముక్క సంగతి చెప్పాను. తల ఊపుతూ విన్నారు.

"అదా సంగతి" అన్నారు. కొంచెం ఆగి, "చిన్నప్పుడు అది ఇదే అడిగింది. నాతో కొటారుకి వచ్చింది ఒకనాడు. గట్టు మీద కూర్చుని, నాయనా ఈడ ఒక్క చెట్టన్నా లేదేంది అంది. నాకేం తెలుసు? మీ అమ్మనడుగు అన్నా" అన్నారు.

"నన్నడగలేదే."

"మర్చిపొయ్యుంటాది. దోవలో తాటిముంజెలు కొనిచ్చినా."

ఆయన ముంజెల గురించి చెప్పారు. అది నీళ్లు గౌనంతా పోసుకుందని, ఇంటికొచ్చే లోపల ఆరాలని కాలువ గట్టు మీద ఎండలో నిలబెట్టారని, నాతో చెప్పొద్దని ఇద్దరూ ఒట్టేసుకున్నారని చెప్పారు. నాకు ఆ సంగతి తెలుసు. గౌను మీద ముంజె మరకలు నేనే ఉతికాను, అది ఆ సాయంత్రమే అంతా చెప్పేసింది. అయినా నేను అడ్డం పడలేదు.

ఆ తర్వాత అప్పుడప్పుడు, పాఠం మధ్యలోనో, దీపం పెట్టే వేళలోనో, ఆయన దాని సంగతులు చెప్పేవారు. కొన్ని నాకు తెలియనివి, చాలా మటుకు తెలిసినవే. తెలిసినవి కూడా తెలియనట్టే విన్నాను.